ఎర్ర గీతా, ఆకుపచ్చ గీతా, చలువరాజూ

చలువరాజంత భయస్థుణ్ణి మైసూరు మొత్తం గాలించినా పట్టుకోలేరు. లిఫ్టు మధ్యలో ఆగిపోతుందని ఎక్కడు. క్యాంటీన్‌లో ఉప్పిట్టు తింటున్నంతసేపూ ఫోను పళ్లెం పక్కనే ఉండాలి. మోగితే ఉలిక్కిపడతాడు. మోగకపోతే పాడైందేమోనని, "వసుంధరక్కా, ఒక్క మిస్డ్ కాల్ ఇవ్వక్కా, వస్తుందో లేదో చూస్తాను" అని నా ప్రాణం తీస్తాడు. ఏం మనిషో!

అతని భార్య సుధామణి నోరు ఇంకా ఘాటు. "ఈయన గ్యాసు కట్టేశానా లేదా అని బస్టాండు దాకా వచ్చి వెనక్కి పోతాడక్కా. పెళ్లినాడు తాళి కట్టి, ముడి గట్టిగా పడిందా లేదా అని లాగి చూశాడు. నా మెడ తెగిందనుకున్నా!" అని అందరి ముందూ అనేసేది. చలువరాజు ఉక్రోషపడేవాడు కాదు. "చూసుకోకపోతే ఎట్లాగక్కా, జన్మంతా ఉండాల్సిన ముడి కదా" అనేవాడు.

నేను ఆ ఆసుపత్రిలోనే బ్లడ్ బ్యాంకు చూసుకునేదాన్ని. ఈ ఊరికి కోడలిగా వచ్చి ముప్ఫై ఏళ్లు దాటింది. నా నోటికి జడవనివాళ్లు ఆ ఆసుపత్రిలో లేరు, పెద్ద డాక్టర్లతో సహా. రక్తంతో పని చేసేవాళ్లు మెత్తగా ఉంటే పనులు కావు, నా లెక్క అది. నా గది కింది అంతస్తులోనే, మెట్ల పక్కన, చలువరాజు సర్వర్ గది. మేలుకోటె బస్సు డ్రైవరు కొడుకు. డిప్లొమా చదివి, ముందు మా ప్రింటర్లు బాగుచేసే పనిలో చేరాడు. నమ్మకంగా ఉంటాడని తర్వాత సర్వర్లకి కాపలా పెట్టారు.

మునుపు ల్యాబుకొక పెట్టె, మందుల కౌంటర్‌కొక పెట్టె, బ్లడ్ బ్యాంకుకొక పెట్టె విడివిడిగా ఉండేవి. ఆ తర్వాత అన్నిటినీ ఒకే పెద్ద పెట్టెలో కాపురం పెట్టించారు. దాన్ని హోస్టు అంటారు. లోపల ఒక్కో సర్వరూ తనకి సొంత ఇల్లు ఉందనే అనుకుంటుంది. నిజానికి అన్నీ ఒకే ఇంట్లో అద్దె గదులు. హోస్టు మెమరీ ఎంత వాడకంలో ఉందో చలువరాజు స్క్రీన్ మీద ఒక గీత చూపిస్తుంది. తక్కువైతే ఆకుపచ్చ, ఎక్కువైతే ఎరుపు. ఆ గీతే అతని ఊపిరి.

మొదట్లో ఆ గీత ఎర్రబడినప్పుడల్లా మెట్లెక్కి నా దగ్గరికి పరిగెత్తుకొచ్చేవాడు.

"అక్కా, తొంభై ఆరు!"

"ఏమిటి, జ్వరమా?"

"మెమరీ అక్కా. హోస్టు మెమరీ తొంభై ఆరు శాతం నిండింది. ఇంకాస్త నిండితే అయిపోయినట్టే."

"అయిపోతే ఏమవుతుంది?"

"తెలీదక్కా. అదే నా భయం."

అతని పైఅధికారి ఉమాపతి మంచివాడే. పెద్ద చదువు చదివాడు, వేళాకోళం ఎక్కువ. రోజూ ఈ దండోరా పడలేక ఒకనాడు క్యాంటీన్‌లో చలువరాజుని ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. నేను పక్క బల్ల దగ్గర సెట్ దోసె తింటూ అంతా విన్నాను.

"చలువా, మన జనరల్ వార్డులో వంద మంచాలున్నాయి. తొంభై ఆరింటి మీద మనుషులున్నారు. వార్డు కూలిపోతుందా?"

"కూలదు సార్. కానీ..."

"కానీ లేదు, గీనీ లేదు. సర్వర్లు ఒకసారి మంచం పట్టుకుంటే వదలవు. అవసరం తీరినా పక్క పరుచుకుని అక్కడే ఉంటాయి. నువ్వు చూసే ఆ కన్స్యూమ్డ్ అంకె అదే, పట్టుకున్న మంచాల లెక్క. అది ఎప్పుడూ పైపైకే పోతుంది. దాని పక్కన యాక్టివ్ అని ఇంకోటి ఉంది చూడు. ఇప్పుడిప్పుడే గంట కొట్టి నర్సుని పిలిచినవాళ్ల లెక్క అది. నీకు కావలసింది అది."

"మరి భయపడాల్సింది ఎప్పుడు సార్?"

క్యాంటీనంతా గొల్లుమంది. నేనూ నవ్వాను.

"వరండాలో చాపలేసి రోగుల్ని పడుకోబెట్టినప్పుడు" అన్నాడు ఉమాపతి. "దాన్ని స్వాప్ అంటారు. మంచాలు చాలకపోతే హోస్టు కొందరిని తీసుకెళ్లి డిస్కు మీద పడేస్తుంది. అక్కడున్నవాణ్ణి పిలిస్తే పలికేసరికి తెల్లారుతుంది. అది కనబడితే పరిగెత్తు. అందాకా ఉప్పిట్టు తిను, చల్లారిపోతోంది."

ఆ రోజు నుంచి చలువరాజు మారాడు. ఎర్ర గీత వచ్చినా కుర్చీలోంచి లేచేవాడు కాదు. పైగా నాకే పాఠం చెప్పేవాడు. "తొంభై ఏడు అక్కా. ఏం కాదు. యాక్టివ్ చూడాలి మనం" అనేవాడు గొప్పగా. సుధామణి సంతోషించింది. ఒక ఆదివారం ఇద్దరూ సినిమాకి పోయి, మధ్యలో లేచి రాకుండా పూర్తిగా చూసి వచ్చారట. ఆ సంగతి ఆమె ఆసుపత్రికొచ్చి మా వరండా అంతా చెప్పుకుంది.

అంతలో దసరా వచ్చింది.

స్కానింగు బొమ్మలు దాచే కొత్త సర్వర్ ఒకటి పెట్టాల్సి వచ్చింది. దానికి మెమరీ బోలెడు కావాలి. కొత్త పెట్టె వచ్చే ఏడాదికిగానీ రాదు. "ఒక వారం యాక్టివ్ చూడు. ఊరికే మంచాలు పట్టుకుని పడుకున్నవాళ్లెవరో తేలుతుంది. వాళ్ల దగ్గర తీసి దీనికివ్వు" అన్నాడు ఉమాపతి. చలువరాజు బుద్ధిగా ఒక వారం చూశాడు. ఇద్దరికీ తట్టని సంగతి ఒక్కటే, ఆ వారం ఏ వారమన్నది.

ఆయుధపూజకి కత్తెరకి కూడా సెలవిచ్చే ఊరు మాది. ఆ వారం ఆసుపత్రిలో ముందుగా అనుకున్న ఆపరేషన్లన్నీ పండగ తర్వాతికి తోసేస్తారు. ప్రాణం మీదికొచ్చినవే చేస్తారు. నా బ్లడ్ బ్యాంకు కంప్యూటర్లకి నేనే గంధం పెట్టి, చేమంతి దండలు వేసి, స్విచ్చి కట్టేశాను. అవసరానికి ఒక్కటే ఉంచాను. అంబులెన్సు చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించారు. సర్వర్ గది గుమ్మం ముందు గుమ్మడికాయ కొట్టారు. కుంకుమ నీళ్లు తలుపు కిందనుంచి లోపలికి పోతాయని చలువరాజు తన తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. ఆ హడావిడిలో, ఆ సెలవులో, నా సర్వర్ ఒళ్లు తెలియకుండా నిద్రపోయింది. ముప్ఫై రెండు గిగాబైట్లు ఇచ్చి ఉంటే రెండే కదులుతున్నాయి. స్క్రీన్ మీద అంతకంటే సోమరిది ఇంకోటి కనబడలేదు.

సరిగ్గా చెయ్యాలంటే ఆ సర్వర్ని ఆపి, వాటా తగ్గించి, మళ్లీ లేపాలి. అప్పుడు దానికీ తన ఇల్లు చిన్నదైందని తెలుస్తుంది, ఉన్నంతలో సర్దుకుంటుంది. కానీ ఆపాలంటే నన్ను అడగాలి. అడిగితే నేనేమనేదాన్నో అందరికీ తెలుసు. "పండగ పూట అక్కని కదిలించొద్దు సార్" అన్నాడట చలువరాజు. "సరే, ప్రస్తుతానికి లిమిట్ పెట్టు" అన్నాడట ఉమాపతి. లిమిట్ పెడితే సర్వర్‌ని ఆపనక్కర్లేదు, దానికి చెప్పనక్కర్లేదు, నాకూ చెప్పనక్కర్లేదు. అది మాత్రం తనకి ముప్ఫై రెండూ ఉన్నాయనే అనుకుంటుంది. హోస్టు లోపల్లోపల ఎనిమిదికి మించి ఇవ్వదు. చలువరాజు లిమిట్ పెట్టాడు. గీత ఎరుపు నుంచి ఆకుపచ్చకి దిగింది. ఆ రోజు ఇంటికి మైసూరు పాక్ కొనుక్కుని పోయాడు.

విజయదశమి వెళ్లిన సోమవారం ఆసుపత్రి తిరనాళ్లలా ఉంది. తోసేసిన ఆపరేషన్లన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. పొద్దుటి నుంచే నా కంప్యూటర్లు ముక్కుతున్నాయి. పేరు కొడితే రావడానికి కాఫీ తాగినంతసేపు పడుతోంది. "పండగకి తినీ తినీ వీటికీ బద్ధకం వచ్చింది" అని విసుక్కున్నాను. కింద ఫోను చేస్తే చలువరాజు, "నా దగ్గర అంతా ఆకుపచ్చే ఉందక్కా. నెట్‌వర్కు అయి ఉంటుంది" అన్నాడు. గొంతులో బెదురు లేదు. అదే నన్ను మోసం చేసింది. వాడు బెదరలేదంటే నిజంగానే ఏమీ లేదనుకున్నాను.

పది దాటాక కాన్పుల థియేటర్ నుంచి డాక్టర్ గిరిజాంబ ఫోను.

"వసుంధరా, చంద్రకళ అని రెండో కాన్పు. బిడ్డ బాగుంది. తల్లికి రక్తం ఆగడం లేదు. శాంపిల్ పంపాను. తొందరగా."

శాంపిల్ తెచ్చిన ఆయా వెనకాలే ఒక మనిషి పరిగెత్తుకుంటూ వచ్చాడు. చెప్పులు లేవు. మండ్య వైపు చెరకు రైతు, పేరు నింగేగౌడ. చంద్రకళ మొగుడు. కౌంటర్ పట్టుకుని ఆయాసపడుతూ అన్నాడు.

"అమ్మా, పోయిన కాన్పుకీ ఇక్కడే రక్తం ఎక్కించారు. అప్పుడేదో సరిపడదని మళ్లీ మళ్లీ పరీక్షలు చేశారు. ఏది సరిపడదో మాకు తెలీదమ్మా. మీరే చూసుకోండి."

సంచి కోసం ఫ్రిజ్ వైపు పోబోయినదాన్ని వెనక్కి తిరిగి కంప్యూటర్ ముందు కూర్చున్నాను.

ఎందుకో చెబుతాను. ఒకసారి పరాయి రక్తం ఎక్కితే, కొందరి ఒంట్లో దానికి విరోధం పుడుతుంది. అందులో ఒక రకం మహా దొంగది. కొన్ని నెలలకి రక్తంలోంచి కనబడకుండా పోతుంది. ఈ రోజు శాంపిల్ తీసి ఎన్ని పరీక్షలు చేసినా తేలదు. రక్తం చక్కగా సరిపోయిందనే చూపిస్తుంది. కానీ ఒళ్లు మర్చిపోదు. తప్పు సంచి ఎక్కిస్తే పాత పగ లేచి, ఎక్కించిన రక్తాన్నంతా విరగ్గొట్టి, మూత్రపిండాల్ని ముంచుతుంది. ఈ పిల్లకి ఏది పడదో పోయినసారి మేమే కనిపెట్టాం. అది రాసి ఉన్నది ఒక్క ఆ సర్వర్‌లోనే. నా చేతిలో ఉన్న శాంపిల్‌లో అది ఉందో లేదో నేను చెప్పలేను.

చంద్రకళ పేరు కొట్టాను. చక్రం తిరగడం మొదలైంది. తిరుగుతూనే ఉంది. పక్క కంప్యూటర్‌లో కొట్టాను. అదీ తిరుగుతోంది. పేరు తప్పు కొట్టానేమోనని మళ్లీ కొట్టబోతే కీబోర్డే పలకలేదు. చలువరాజుకి ఫోను చేస్తే ఎంగేజ్. థియేటర్‌కి చేశాను.

"డాక్టరమ్మా, ఈ పిల్లకి పాత విరోధం ఉంది. ఏదో తెలియాలి. సర్వర్ పలకడం లేదు."

గిరిజాంబ అంది: "నేను చేత్తో నొక్కి పట్టుకున్నాను. సెలైన్ పోస్తున్నాం. కానీ ఎంతసేపో పట్టలేను వసుంధరా. నేను ఇంక కాదన్నప్పుడు ఏ సంచి ఉంటే అది పంపు. ఆ తర్వాత దేవుడే దిక్కు."

నా కింద పనిచేసే జయశీలకి శాంపిల్ అప్పజెప్పి, "గ్రూపు చూసి ఉంచు. నేను చెప్పేదాకా సంచి గడప దాటకూడదు" అని మెట్లు దిగాను. దిగానో దొర్లానో నాకే తెలీదు. నింగేగౌడ కౌంటర్ దగ్గరే నిలబడి నా వైపు చూస్తున్నాడు. ఆ చూపు చూడలేకపోయాను.

సర్వర్ గదిలో చలువరాజు నిలబడి ఉన్నాడు. కుర్చీ వెనక్కి పడిపోయి ఉంది. ఫోను చెవికి పెట్టుకుని ఉమాపతితో మాట్లాడుతున్నాడు. ఉమాపతి మీటింగుకని బెంగళూరు రైల్లో ఉన్నాడు. ఎదురుగా స్క్రీన్ అంతా ఆకుపచ్చ. ఒక్క ఎర్ర చుక్క లేదు. చలువరాజు మొహంలో మాత్రం నెత్తురు చుక్క లేదు.

"ఏం చేశావురా నా సర్వర్‌ని?" అని అరిచాను. "పైన బాలింత చచ్చిపోతోంది!"

"అక్కా, అంతా బాగానే ఉందక్కా" అన్నాడు ఏడుపు గొంతుతో. "అదే భయమేస్తోంది. ఎర్రగా ఉంటే ఎక్కడ చూడాలో తెలిసేది. అంతా బాగుంది. ఏమీ కనబడటం లేదు."

ఫోను స్పీకర్‌లో పెట్టాడు. రైలు చప్పుడు మధ్య ఉమాపతి గొంతు.

"హోస్టు ఎంత?"

"డెబ్బై రెండు సార్. స్కానింగు సర్వర్ ఇంకా ఎక్కించలేదు, ఖాళీ ఉంది."

"బ్లడ్ బ్యాంకు సర్వర్ లోపలికెళ్లి చూశావా? అదేమంటోంది?"

"ముప్ఫై రెండూ నా దగ్గరే ఉన్నాయంటోంది సార్. ఏ ఇబ్బందీ లేదంటోంది."

"అయితే నెట్‌వర్కేనా..." అని, ఉమాపతి ఆగాడు. రైలు ఏదో వంతెన మీద పోతున్నట్టుంది, ఏమీ వినబడలేదు. నాకు ఆ ఫోను తీసి గోడకేసి కొట్టాలనిపించింది. మళ్లీ గొంతు వచ్చింది. "చలువా, హోస్టు మొత్తం వద్దు. ఆ ఒక్క సర్వర్ పక్కన స్వాప్ ఎంతుందో చూడు. లోపల నుంచి కాదు, బయట నుంచి."

చలువరాజు మౌసు కదిపాడు. బాణం గుర్తు స్క్రీనంతా తిరిగింది. ఒక అంకె దగ్గర ఆగింది.

"చెప్పరా!" అన్నాను.

"వరండా నిండా చాపలే అక్కా" అన్నాడు. ఆ మాట నాతో అన్నాడో, తనతో తనే అనుకున్నాడో. "పాత రికార్డులన్నీ డిస్కు మీద పడున్నాయి. నేనే పడేశాను. సార్, లిమిట్ పెట్టింది నేనే సార్. పండగ వారం లెక్క చూసి పెట్టాను."

"పెట్టమన్నది నేను" అన్నాడు ఉమాపతి వెంటనే. "తీసెయ్ ముందు."

తీసేశాడు. తీశాక మళ్లీ వెళ్లి, నిజంగా తీశానా లేదా అని చూశాడు. ఆ ఘడియలో కూడా! తిడదామనుకుని ఊరుకున్నాను. అంతలో పైనుంచి సూపరింటెండెంట్ ఇంటర్‌కమ్‌లో కేకలు. "ఆ మెషిన్ని రీస్టార్ట్ చెయ్యండయ్యా! చూస్తూ కూర్చుంటారేం?" చలువరాజు చెయ్యి ఆ బొత్తాం మీదికి పోయింది.

"వద్దు" అన్నాడు ఉమాపతి. "మధ్యలో చంపి లేపితే రికార్డులన్నీ సరిచూసుకుని గానీ తలుపు తియ్యదు. ఎంతసేపో తెలీదు. ఇప్పుడు చోటుంది. ఒక్కొక్కటీ మంచం మీదికి వస్తాయి. చూస్తూ ఉండు."

"రాకపోతే సార్?"

రైలు చప్పుడే.

చూస్తూ ఉండటం అంటే ఏమిటో నాకు ఆ రోజే తెలిసింది. స్వాప్ అంకె తగ్గుతోంది. తగ్గి ఆగుతోంది. మళ్లీ కాస్త తగ్గుతోంది. చలువరాజు కుర్చీ లేపి కూర్చుని, రెండు చేతులూ బల్లకింద తొడల మధ్య అదిమి పెట్టుకున్నాడు, ఆ బొత్తాం నొక్కేస్తానేమోనని. అక్కడి కంప్యూటర్‌లోనే నేను చంద్రకళ పేరు కొట్టి పెట్టాను. చక్రం తిరుగుతోంది.

నా ఫోను మోగింది. గిరిజాంబ.

"వసుంధరా, ఇంక కాదు."

"డాక్టరమ్మా, ఒక్క నిమిషం..."

"నా చేతులు తిమ్మిరెక్కాయి. బీపీ దొరకడం లేదు. పంపు."

జయశీలకి చెప్పాలి. ఏ సంచి అయితే ఆ సంచి. చెప్పడానికి నంబరు నొక్కాను. అటు మోగుతోంది. అప్పుడు చలువరాజు ఒక్క అరుపు అరిచాడు. అది మాట కూడా కాదు. స్క్రీన్ మీద చక్రం పోయింది. పేరు, ఊరు, పాత తేదీ, కింద ఎర్ర అక్షరాలతో ఆ విరోధం పేరు. దాని కిందే, ఆ గుణం లేని రక్తం ఏ సంచుల్లో ఉందో వాటి నంబర్లు. ఫ్రిజ్‌లో ఉన్నవి రెండే.

ఫోన్లో జయశీలకి ఆ నంబర్లు అరిచి చెప్పాను. రెండుసార్లు తిరిగి చెప్పించుకున్నాను. ఆమె చేతికి అప్పటికే అందిన సంచి వేరేదట. దాన్ని పక్కన పెట్టేసిందని తెలిశాకే ఫోను పెట్టేశాను.

చంద్రకళ బతికింది. కానీ రెండు సంచులూ ఎక్కినా రక్తం ఆగకపోవడంతో గిరిజాంబ గర్భసంచి తీసెయ్యాల్సి వచ్చింది. "ముందే రక్తం అంది ఉంటే ఉండేదా?" అని నేను అడిగాను. ఆమె చేతులు కడుక్కుంటోంది. "ఉండేదేమో, ఉండేది కాదేమో. అది ఎవరూ చెప్పలేరు" అంది.

ఆ మాట నేనే చలువరాజుకి చెప్పాను, కాస్త ఊరట అవుతుందని. కాలేదు. వారం రోజులు సరిగా తిండి లేదు. విచారణ జరిగింది. ఉమాపతి తన తప్పు కూడా ఉందని ఒప్పుకున్నాడు. ఇద్దరినీ మందలించి వదిలేశారు. పండగ వారం లెక్కలు చూసి ఎవరి మెమరీ తియ్యకూడదని, ఇక లిమిట్లు పెట్టకూడదని కట్టడి చేశారు. చలువరాజు మాత్రం ఉద్యోగం మానేస్తానని పట్టుబట్టాడు. మేలుకోటె పోయి కొట్టు పెట్టుకుంటానన్నాడు. సుధామణి ఏడ్చుకుంటూ నా దగ్గరికి వచ్చింది. "నిద్రలో లేచి అంకెలు గొణుగుతాడక్కా. కొట్టైనా పెట్టుకోనీ. మనిషి మిగిలితే చాలు" అంది. నేనూ కాదనలేకపోయాను. రాజీనామా ఇవ్వడమే మిగిలింది.

అప్పుడు వచ్చాడు నింగేగౌడ. చంద్రకళని కుట్లు చూపించడానికి తీసుకొచ్చి, బిడ్డని ఎత్తుకుని సరాసరి సర్వర్ గది ముందుకి వచ్చి నిలబడ్డాడు. నేను అక్కడే ఉన్నాను.

"ఆ రోజు కంప్యూటర్‌ని నడిపించింది మీరేనటగా స్వామీ" అన్నాడు చలువరాజుతో. "వసుంధరమ్మ దగ్గర ఉన్న అమ్మాయి చెప్పింది. మీరు లేకపోతే నా ఇల్లు ఏమై ఉండేది? ఈ పిల్లని ఒక్కసారి ఎత్తుకోండి."

చలువరాజు గోడకి ఆనుకున్నాడు. చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. నేను కళ్లతోనే సైగ చేశాను, ఏమీ చెప్పకురా, ఎత్తుకుని ఇచ్చెయ్ అని. అతను నా వైపు చూడలేదు.

"నడిపించింది నేనే" అన్నాడు. "ఆపింది కూడా నేనేనయ్యా. పండగ వారం ఎవరూ వాడటం లేదని చూసి, ఆ సర్వర్ మెమరీ నేనే తీశాను. అందుకే మీ ఆవిడ పేరు కొడితే పలకలేదు. ఆలస్యం నా వల్లే."

నింగేగౌడ మొహం ఎట్లా మారిందో నేను చెప్పలేను. బిడ్డని ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. కొడతాడేమోనని నేను మధ్యలోకి జరిగాను. చలువరాజు జరగలేదు. కొడితే బాగుండుననే చూస్తున్నట్టు నిలబడ్డాడు.

"నా పెళ్లానికి ఇక పిల్లలు పుట్టరు" అన్నాడు చివరికి నింగేగౌడ.

"తెలుసయ్యా."

"ఇప్పుడు ఆ మిషను దగ్గర ఎవరుంటున్నారు?"

"ఇవాళ్టిదాకా నేనే. నేను మానేస్తున్నాను, వేరే ఎవరో వస్తారు. నాకు భయమేస్తోంది. ఎరుపు చూసినా భయమే, ఆకుపచ్చ చూసినా భయమే."

"ఆ వచ్చేవాడికి భయమేస్తుందా?"

"నాకు వేసినంత వెయ్యదయ్యా" అన్నాడు చలువరాజు.

నింగేగౌడ ఒక అడుగు ముందుకేసి, చలువరాజు చేతులు వెనకనుంచి ముందుకి లాగి, వాటిలో బిడ్డని పెట్టాడు. పెట్టి, తన చేతులు మాత్రం ఇంకా కిందే ఉంచాడు, జారితే పట్టుకోవడానికి.

"అయితే నువ్వే ఉండు అక్కడ" అన్నాడు.